సైకిలును తోసిన లారీ గాలి

1973. అమెరికా, కాలిఫోర్నియా రాష్ట్రంలోని మొహావీ ఎడారి. కనుచూపు మేరలో చెట్టు లేదు, గట్టు లేదు. ఎండిన నేల, దాన్ని చీల్చుకుంటూ పోయే తారు రోడ్డు. ఆ రోడ్డు అంచున ఒక మనిషి సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు. వెనక నుంచి పెద్ద లారీ వస్తున్న మోత.

లారీ పక్కకు రాకముందే దాని గాలి వచ్చి తాకింది. సైకిలును రోడ్డు బయటి వైపుకు కాస్త నెట్టింది. ఆయన నిలదొక్కుకునే లోపే లారీ దాటేసింది. ఈసారి గాలి తోయలేదు, లాగింది. రోడ్డు లోపలికి, లారీ వైపుకు లాగింది. ముందు తోపు, వెనక గుంజుడు. అంతా కొన్ని సెకన్లలో అయిపోయింది.

మన హైవేల మీద సైకిలు తొక్కినవాళ్ళకు, స్కూటీ నడిపినవాళ్ళకు ఇది తెలియని అనుభవం కాదు. గుండె ఝల్లుమంటుంది, ఆ డ్రైవర్ని నాలుగు మాటలు అనుకుంటాం, మన దారిన మనం పోతాం. ఆ రోజు సైకిలు మీద ఉన్నది మాత్రం ఎడ్విన్ సాల్ట్జ్‌మన్. నాసా ఇంజనీరు. ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలోని ఫ్లైట్ రిసెర్చ్ సెంటర్‌లో ఆయన ఉద్యోగం. గాలి విమానాన్ని ఎంత బలంగా వెనక్కి పట్టి ఉంచుతుందో కొలవడం ఆయన పని.

ఎక్స్-15 అనే రాకెట్ విమానాన్ని పరీక్షించింది ఆ కేంద్రంలోనే. 1967 అక్టోబరులో ఆ విమానం ధ్వని వేగానికి 6.7 రెట్ల వేగం అందుకుంది. దాని తోక భాగం సన్నగా సాగి ఉండదు, కోసేసినట్టు మొండిగా ఉంటుంది. అలాంటి మొండి తోక వెనక ఖాళీని గాలి వెంటనే పూడ్చలేదు. అక్కడ పీడనం పడిపోతుంది. ఆ పడిపోయిన పీడనమే విమానాన్ని వెనక్కి గుంజుతుంది. ఎక్స్-15 తోక వెనక ఆ పీడనాన్ని కొలిచి పరిశోధన పత్రం రాసినవాడు సాల్ట్జ్‌మన్. కాబట్టి ఆ రోజు సైకిలును లాగిన గాలి ఆయనకు పాత పరిచయమే. ఆకాశంలో కొలిచినదే రోడ్డు మీద ఒంటికి తగిలింది.

తోపుకు కారణం లారీ ముఖం. గుంజుడుకు కారణం లారీ వెన్ను. ఆ రెండింటి మధ్యా తగలబడుతున్నది డీజిలు.

ఆ ఏడాది అక్టోబరులోనే అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. బ్యారెల్ మూడు డాలర్ల దగ్గర ఉన్న ధర కొన్ని నెలల్లోనే దాదాపు నాలుగింతలైంది. పెట్రోలు బంకుల ముందు కార్ల బారులు మైళ్ళ కొద్దీ సాగాయి. 1974 జనవరిలో దేశమంతటా హైవేల మీద గంటకు 55 మైళ్ళకు మించి పోకూడదని చట్టం చేశారు. అంటే సుమారు 89 కిలోమీటర్లు. వేగం తగ్గించడం ఒక దారి. అదే వేగంలో గాలి వేసే పన్నును తగ్గించడం ఇంకో దారి. సాల్ట్జ్‌మన్ రెండో దారి పట్టాడు.

ఆయన చేసిన మొదటి పని చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. వాళ్ళ దగ్గర రాకెట్ విమానాలున్నాయి, ప్రపంచంలో పేరున్న ఇంజనీర్లున్నారు. ఆయన మాత్రం కేంద్రంలో వాడి పక్కన పెట్టిన ఒక పాత ఫోర్డ్ వ్యాన్ తీసుకున్నాడు. దాని చుట్టూ ఇనుప చట్రం కట్టించి, అల్యూమినియం రేకులు బిగించాడు. పై నుంచి కిందికి, ముందు నుంచి వెనక్కి అన్నీ చదును పలకలే. ప్రతి మూలా నిక్కచ్చిగా 90 డిగ్రీలు. ఇంతకంటే మొండి ఆకారం రోడ్డు మీద ఉండదన్నంత పెట్టె. అక్కడివాళ్ళు దాన్ని షూబాక్స్ అని పిలిచారు.

ఇంత వికారమైన బండి ఎందుకు? సరుకు మోసే లారీలన్నీ దాదాపు ఆ ఆకారంలోనే ఉన్నాయి గనుక. ముందు అన్నిటికంటే చెడ్డ రూపాన్ని కొలిచి, ఆ తర్వాత ఒక్కో మార్పూ చేస్తూ పోతే ఏ మార్పు వల్ల ఎంత లాభమో తేటగా తెలుస్తుంది.

పరీక్ష పద్ధతి కూడా అంతే సాదాసీదా. బండిని గంటకు 65 మైళ్ళ దాకా తీసుకెళ్ళేవారు. అక్కడ గేరు న్యూట్రల్‌లో వేసి వదిలేసేవారు. బండి తనంతట తాను దొర్లుతూ నెమ్మదించేది. ఎంత సమయంలో ఎంత వేగం పడిపోయిందో రాసుకునేవారు. ఇంజను లాగడం లేదు, బ్రేకు పట్టడం లేదు. బండిని ఆపుతున్నవి రెండే: టైర్ల రాపిడి, గాలి. టైర్ల రాపిడి వేగంతో పెద్దగా మారదు. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలు. ఈ తేడా పట్టుకుని లెక్కలో రెండింటినీ విడదీశారు. ఇక గాలి వీచని వేళ, చదునైన దారి ఉంటే చాలు. ఎడ్వర్డ్స్‌లో రెంటికీ కొదవ లేదు.

వ్యాను పక్క గోడల నిండా ఊలు దారపు ముక్కలు అతికించారు. ఒక కొస టేపు కింద, రెండో కొస గాలికి వదులుగా. గాలి కంటికి కనబడదు గానీ దారం కనబడుతుంది. చదరపు మూలల బండి వేగం అందుకోగానే ఆ దారాలు తలో దిక్కుకు కొట్టుకున్నాయి. కొన్ని పైకి లేచాయి, కొన్ని వెనక్కి బదులు ముందుకు తిరిగాయి. గాలి గోడను విడిచేసి, సుడులై తిరుగుతోందని దానర్థం. వేగంగా వచ్చే లారీ లంబకోణపు మలుపు తిరగలేనట్టే గాలి కూడా ఆ మూల తిరగలేదు. గోడను వదిలి దూరంగా విసురుగా పోతుంది. ఆ విసురే పక్కన సైకిలు మీద ఉన్న మనిషికి తగిలే తోపు. ఆ విసురుకు, ఆ సుడులకు కావలసిన శక్తి ఎక్కడి నుంచో రాదు, ఇంజను నుంచే రావాలి.

తర్వాత నిలువు మూలలు నాలుగింటినీ గుండ్రంగా వంచారు. మళ్ళీ అదే దారి, అదే వేగం, అదే న్యూట్రల్. ఈసారి దారాలు గోడకు అంటుకుని, వెనక్కి వరుసగా వాలి నిలిచాయి. బండి ఆగడానికి అంతకు ముందుకంటే ఎక్కువసేపు పట్టింది. లెక్క చూస్తే గాలి నిరోధం 40 శాతం తగ్గింది. బండి లోపలి జాగా పోయింది 1.3 శాతం మాత్రమే.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని ఒక్క నిమిషం చూడండి. నూరు పార్శిళ్ళు పట్టే బండిలో ఒకటి, మహా అయితే రెండు తగ్గుతాయి. దానికి బదులుగా గాలి వేసే భారంలో పదింట నాలుగు వంతులు ఎగిరిపోతాయి. ఏ యజమాని కాదంటాడు?

పై అంచులు, కింది అంచులు కూడా గుండ్రం చేస్తే తగ్గుదల 54 శాతానికి చేరింది. బండి అడుగున ఇరుసులు, గొట్టాలు, చట్రపు కమ్మీలు గాలిని చిందరవందర చేస్తాయి. అడుగంతా పలకతో మూసేశారు. ఇలాంటి మార్పులు కొన్ని కలిసిన ఒక రూపంలో నిరోధం మొదటి పెట్టెతో పోలిస్తే 61 శాతం తగ్గింది. సాల్ట్జ్‌మన్, తోటి పరిశోధకుడు రాబర్ట్ మేయర్ కలిసి మొదటి నివేదికను 1974 మార్చిలో, డేవిడ్ లక్స్‌ను కూడా కలుపుకుని రెండోదాన్ని అదే ఏడాది అక్టోబరులో వెలువరించారు. ఆ తర్వాత అదే కేంద్రం అసలు సిసలు ట్రాక్టర్-ట్రైలర్ లారీని తెచ్చి రోడ్డెక్కించింది. హైవే వేగంలో 15 నుంచి 25 శాతం దాకా ఇంధనం మిగుల్చుకోవచ్చని ఆ పరిశోధనల సారాంశం.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. మూలలు గుండ్రం చేయాలన్న సంగతి కనిపెట్టింది సాల్ట్జ్‌మన్ కాదు. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ తన తొలి వ్యాను నమూనాను జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో గాలి సొరంగంలో పెట్టి చూసి, ముఖాన్ని గుండ్రం చేసి, ఆకారం గాలిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే నిరోధ గుణకాన్ని 0.75 నుంచి 0.44కు దించింది. అది 1949 నాటి మాట. అయితే అది నమూనా మీద, సొరంగంలో. పూర్తి సైజు పెట్టెను అసలు రోడ్డు మీద దొర్లించి, ఒక్కో మూలకు విలువ కట్టి, లారీలవాళ్ళకు అర్థమయ్యే భాషలో చెప్పిన ఘనత మాత్రం ఎడారి బృందానిదే. నేడు అమెరికా రోడ్ల మీద తిరిగే లారీల గుండ్రటి ముఖాల్లో, కేబిన్ మీది వంపు రేకుల్లో ఆ షూబాక్స్ పోలికలు కనబడతాయి.

ఇక ఈ పాఠం మన లారీలకు ఎలా పనికొస్తుందో చూడటానికి గుజరాత్‌లోని సూరత్‌కు పోదాం.

మన పాఠకుల్లో చాలామందికి సూరత్ పరాయి ఊరు కాదు. తెలంగాణ పల్లెల నుంచి మగ్గాన్ని నమ్ముకుని వలస పోయిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ ప్రాంతంలో తరాలుగా ఉంటున్నాయి. అక్కడి సందుల్లో తెలుగు బోర్డులు కనబడతాయి, బతుకమ్మ పాట వినబడుతుంది. పవర్‌లూముల మీద నేసిన గుడ్డ మిల్లుల్లో రంగులద్దుకుని, రింగ్ రోడ్డు మార్కెట్లలో చీరలై, పార్శిళ్ళై లారీ ఎక్కుతుంది. పల్సాణా దగ్గర 53వ నంబరు జాతీయ రహదారి పట్టి బార్డోలీ, వ్యారా, సోన్‌గఢ్ మీదుగా మహారాష్ట్రలోకి దిగుతుంది. హైదరాబాదు చేరడానికి తొమ్మిది వందల కిలోమీటర్ల పైచిలుకు.

ఆ దారిలో ఒక ధాబా దగ్గర లోడు మీది టార్పాలిన్ పట్టా సర్దుతున్న తెలుగు డ్రైవరుతో మాట కలిపాను. పార్శిళ్ళు కేబిన్ కంటే రెండడుగుల ఎత్తుకు పేర్చి ఉన్నాయి. పట్టా ఒక పక్క ఉబ్బి ఉంది.

"అన్నా, గాలి సంగతి బండి మీద తెలుస్తుందా?" అని అడిగాను.

"ఎందుకు తెల్వదు తమ్మీ? ఎదురుగాలి తగిల్తే గేరు దించాల్సిందే. ఖాళీ బండికైనా అంతే."

"పట్టా వదులుగా ఉంటే?"

"చప్పుడే చెప్తది. టపటపమని కొట్టుకుంటది. ఆ చప్పుడంత డీజిలే. నేను క్లీనర్‌గ ఉన్నప్పుడే మా ఉస్తాద్ చెప్పిండు, తాడు బిగిస్తే పైస మిగుల్తదని."

గాలి సొరంగం పేరు కూడా వినని ఉస్తాద్ చెప్పిన ఆ మాటలో శాస్త్రం పూర్తిగా ఉంది. కొట్టుకునే గుడ్డ గాలి నుంచి శక్తిని లాక్కుంటుంది, గాలి దాన్ని బండి నుంచి లాక్కుంటుంది. పట్టా బిగుతుగా, ముడతలు లేకుండా కట్టడం ఖర్చు లేని మొదటి మెట్టు. కేబిన్ మీదుగా గోడలా నిలబడిన ఆ రెండడుగుల పార్శిళ్ళ వరుస సంగతి మాత్రం తాడుతో తేలేది కాదు.

దీన్ని లెక్కలో పెట్టి చూద్దాం. రెండున్నర మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల అరవై సెంటీమీటర్ల ఎత్తు ఉన్న లారీ ముఖం తొమ్మిది చదరపు మీటర్లు. మొండి ముఖానికి నిరోధ గుణకం 0.8 అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో గాలి దాన్ని వెనక్కి పట్టే బలం 122 కిలోల బరువుకు సమానం. దాన్ని నెట్టుకుపోవడానికే 27 హార్స్‌పవర్ కావాలి. వేగం 80కి పెంచండి. బలం 217 కిలోలకు చేరుతుంది, కావలసిన శక్తి 64 హార్స్‌పవర్ అవుతుంది. వేగం పెరిగింది మూడో వంతే. గాలికి కట్టే శక్తి మాత్రం రెండింతలు దాటింది. శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది మరి.

లీటరు డీజిలులో ఇంజను, గేర్లు దాటి చక్రాలకు చేరేది మూడున్నర యూనిట్ల శక్తి అనుకుంటే, సూరత్ నుంచి హైదరాబాదుకు 60 మీద నిలకడగా వస్తే ఒక్క గాలికే 86 లీటర్లు పోతుంది. 80 మీద వస్తే 150 దాటుతుంది. ఇది చేతి లెక్క. ఘాట్లు, ట్రాఫిక్, ఆగి బయల్దేరడాలు దీన్ని అటూ ఇటూ మారుస్తాయి. అయినా గాలి నిరోధంలో ఐదో వంతు తగ్గించగలిగితే ఒక్క పోకలో 60 మీద 17 లీటర్లు, 80 మీద 30 లీటర్లు మిగులుతాయి. నెలలో ఎన్ని పోకలో, ఏడాదిలో ఎన్నో యజమానులకు నేను చెప్పనక్కర్లేదు.

ఇది ఇప్పుడే ఎందుకు ముఖ్యమంటే, మన రోడ్లు మారిపోయాయి. గుంతల రోడ్ల మీద 40తో పాకుతున్నంత కాలం గాలి పెద్ద శత్రువు కాదు, టైర్లూ బరువూ శత్రువులు. 2018లో కేంద్రం నాలుగు వరుసల రహదారుల మీద, ఎక్స్‌ప్రెస్‌వేల మీద సరుకు లారీలకు గరిష్ఠ వేగం 80గా ప్రకటించింది. ఢిల్లీ-ముంబయి ఎక్స్‌ప్రెస్‌వే సూరత్ జిల్లా గుండానే పోతుంది. రోడ్డు నున్నబడే కొద్దీ లారీ వేగం పెరుగుతుంది, గాలి పన్ను దానికంటే వేగంగా పెరుగుతుంది. కొత్త రోడ్డు మీద పాత పెట్టె పరిగెత్తడం డబ్బు గాలికి వదిలేయడమే. రేపు బ్యాటరీ లారీలు వచ్చినా ఇదే కథ. గాలికి ఎంత పోతే బండి అంత ముందే ఆగిపోతుంది.

మన దేశంలో లారీ రూపం నిర్ణయించేది చాలావరకు కంపెనీ కాదు. కంపెనీ నుంచి వచ్చేది కేబిన్, ఛాసిస్. వెనక బాడీ కట్టేది మన ఆటోనగర్లు. విజయవాడ జవహర్ ఆటోనగర్ పేరు దేశమంతా తెలుసు. అక్కడి మేస్త్రీ చేతిలో ఉన్న కౌశలం మామూలుది కాదు. చెక్క, యాంగిల్, రేకు ఏది ఇచ్చినా వంచగలడు, అతకగలడు. బాడీ ముందు పలక నిలువు మూలలను గుండ్రంగా వంచడం ఆయనకు ఒక పూట పని. వంపు ఎంత ఉండాలన్నదానికీ హద్దుంది. కొంత దాటాక ఇంకా గుండ్రం చేసినా అదనపు లాభం రాదు, జాగా మాత్రం పోతుంది.

కేబిన్ మీద వంపు రేకు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. దాని ఎత్తు వెనక లోడు ఎత్తుతో కలవాలి. రేకు పొట్టిగా ఉండి లోడు ఎత్తుగా ఉంటే గాలి మళ్ళీ గోడకే కొట్టుకుంటుంది. లోడు లేకుండా తిరిగి వచ్చేటప్పుడు ఎత్తయిన రేకు తానే అడ్డుగోడ అవుతుంది. ఎత్తు మార్చుకునే వీలున్న రేకు అయితే మేలు. లేదంటే ఎక్కువ రోజులు మోసే లోడుకు తగ్గట్టు పెట్టించుకోవాలి. లోడు ఎత్తు చూడకుండా అందానికని పెట్టే రేకు డీజిలు మిగల్చదు.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది బండి పక్కలు. లారీ పక్కన చక్రాల మధ్య ఖాళీలోకి మనుషులు పడిపోకుండా సైడ్ గార్డులు ఉండాలని మన నిబంధనలే చెబుతున్నాయి. చాలా బండ్లకు రెండు ఇనుప కమ్మీలు కట్టి సరిపెడతారు. ఆ కమ్మీల బదులు నున్నని పలక బిగిస్తే పక్క గాలి అడుగుకు దూరి చిందరవందర కాదు. అమెరికాలో ట్రైలర్లకు కట్టే స్కర్టులు చేసేది ఈ పనే. కాలిఫోర్నియా రాష్ట్రమైతే పొడవాటి పెట్టె ట్రైలర్లకు ఇలాంటి ఏర్పాట్లు తప్పనిసరి చేసింది. డీజిలు కోసం బిగించిన అదే పలక, లారీ పక్కన తూలిన సైకిలు మనిషి చక్రం కిందికి పోకుండా ఆపుతుంది.

సూరత్‌లో ఇది పుస్తకంలోని మాట కాదు. ఉధనా, పాండెసరా, సచిన్ వైపు మిల్లులకు షిఫ్టు వేళ సైకిళ్ళ మీద పోయే కూలీలు ఎందరో. మన లింబాయత్ వాళ్ళూ అందులో ఉన్నారు. రాత్రంతా మగ్గం దగ్గర నిలబడి, తెల్లవారుజామున నిద్ర మత్తులో రోడ్డు అంచున తొక్కుకుంటూ వచ్చే మనిషిని లారీ గాలి ముందు తోస్తుంది, తర్వాత లాగుతుంది. మొహావీలో ఖాళీ రోడ్డు మీద ఇంజనీరుకు అది ఆలోచన అయింది. రద్దీ రోడ్డు మీద కూలీకి అది ప్రాణ గండం. మూల గుండ్రమైతే ఆ తోపు తగ్గుతుంది. వెన్ను కాస్త లోపలికి వాలితే ఆ గుంజుడు తగ్గుతుంది. గాలి పీడనానికి డీజిలు వేరు, మనిషి వేరు అన్న తేడా లేదు. ఒకటి తగ్గితే రెండోదీ తగ్గుతుంది.

సాల్ట్జ్‌మన్, మేయర్ ఈ విషయాన్ని వదల్లేదు. 1999లో, అంటే పాతికేళ్ళ తర్వాత, పెద్ద లారీల ఆకారాన్ని మళ్ళీ మొదటి నుంచి పరిశీలించి ఇంకో నివేదిక రాశారు. ముఖాలు బాగుపడ్డాయి, ఇక వెన్నుల మీద, అడుగుల మీద దృష్టి పెట్టాలన్నది దాని ధోరణి. అక్కడ వెన్నుల దాకా వచ్చారు. మన రోడ్ల మీద ముఖాలే ఇంకా పెట్టెలు.

సూరత్‌లో 1961 నుంచి నడుస్తున్న ఇంజనీరింగ్ కళాశాల ఉంది, ఇప్పుడది సర్దార్ వల్లభ్‌భాయ్ ఎన్‌ఐటీ. అక్కడ చదువుకునే పిల్లల్లో మన రాష్ట్రాలవాళ్ళూ ఉంటారు. వాళ్ళను అడుగుతున్నాను: ఈ పరీక్షకు గాలి సొరంగం అక్కర్లేదు. ఒక లారీ, చదునైన మూసిన దారి, వేగం నమోదు చేసే పరికరం, కొన్ని ఊలు దారాలు చాలు. పార్శిల్ లారీ ఒకటి తీసుకుని మూలలు మార్చక ముందు, మార్చిన తర్వాత కొలవండి. ఆ అంకెలు గుజరాతీలో, తెలుగులో ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల గోడల మీద అతికించండి.

లారీ యజమానులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి బండిని బాడీ కట్టడానికి ఆటోనగర్‌లో వదిలినప్పుడు, రంగు ఏది, పేరు ఎక్కడ రాయాలి అని చెప్పే ముందు మేస్త్రీతో ఇంకో మాట చెప్పండి: ముందు నిలువు మూలలు గుండ్రంగా వంచమనండి, పక్క కమ్మీల బదులు నిండు పలక బిగించమనండి. ఆ రెండు పనులకూ రేకు మీ ఆటోనగర్‌లోనే దొరుకుతుంది.